తోటమ్మ కూరలు

ఆ ఇంటి కోడలికి బయట రెండు పేర్లున్నాయి. వారమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది కాబట్టి అక్కడి రోగులకు ఆమె సూదమ్మ. శనివారం పొద్దున టౌను మార్కెట్లో బల్ల వేసుకుని సొంత తోటలో పండిన కూరలు అమ్ముతుంది కాబట్టి అక్కడ తోటమ్మ. మొదటి పేరు వింటే నవ్వి ఊరుకునేది. రెండో పేరంటే మాత్రం లోలోపల గర్వం.

అది ఊరికే వచ్చిన పేరు కాదు. దళారుల దయాదాక్షిణ్యాలు ఇక చాలు, తినేవాళ్లకే నేరుగా అమ్ముదామని పట్టుబట్టింది ఆమే. భర్తకు మట్టితో ఉన్న చనువు మనుషులతో లేదు. ధర తగ్గించమంటే చాలు, మొహం గంటు పెట్టుకునేవాడు. అందుకని పండించడం, కోయడం అతనూ అత్తగారూ చూసుకునేవారు. అమ్మడం, ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం ఆమె వంతు. ల్యాబులో టీ తాగే కాస్త తీరికలోనే ఎవరికేం కావాలో రాసుకుని జవాబులు పంపేది. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనని ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆ శనివారం కూడా మామూలుగానే తెల్లారింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంటున్నారు. భర్త అప్పటికే వ్యానులో సరుకు సర్ది పైన పట్టా కప్పేశాడు. ఈమధ్య సర్దడంలో ఆమెను చెయ్యి వెయ్యనివ్వడం లేదు. వారమంతా నలిగిపోయావు, ఇంకాసేపు పడుకో అంటున్నాడు. ఇన్నాళ్లకు మొగుడికి తన మీద జాలి పుట్టిందని ఆమె మురిసిపోయింది కూడా.

మార్కెట్లో బల్ల మీద కట్టలు పేరుస్తుంటే పాలకూరకు రబ్బరు బ్యాండు కనిపించింది. అత్తగారు ఎప్పుడూ జనపనారతోనే కడతారు. రబ్బరు కాడల్ని కోసేస్తుందని ఆవిడ గొడవ. ఇంకో కట్ట తీసి చూసింది. దానికీ అదే. బీన్స్ బుట్టలో చెయ్యి పెట్టింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే రంగు, అచ్చులో పోసినట్టున్నాయి. తలెత్తి వ్యాను వైపు చూసింది. భర్త టైరులో గాలి చూస్తున్నట్టు వంగి, ఎంతకీ లేవడం లేదు.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. ఎప్పుడో రిటైరైన పెద్దావిడ. భర్త మంచం పట్టినప్పటి నుంచి ఆయనకు పురుగుమందు కొట్టని కూరలే వండి పెట్టాలని పంతం పట్టి, ఈ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా కొనడం లేదు. వస్తూనే పాలకూర కట్ట తీసుకుని సంచి తెరిచింది.

"అది పెట్టెయ్యండి టీచరమ్మా," అంది తోటమ్మ. "ఇవాళ్టివి మా తోటవి కావు."

టీచరమ్మ కట్ట వైపు చూసి, ఆమె వైపు చూసింది.

"ఇవాళ్టివి మాత్రమేనా?"

తోటమ్మ వ్యాను వైపు తిరిగింది. భర్త టైరు దగ్గర తలదించుకుని నిలబడి ఉన్నాడు. ఆ వంచిన తలలోనే జవాబుంది.

"మా ఆయన ముద్ద వద్దని మొహం తిప్పుకుంటే నీ పేరు చెప్పి తినిపించానమ్మాయ్," అంది టీచరమ్మ నెమ్మదిగా. కట్టను తీసిన చోటే పెట్టి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది తోటమ్మకు.

బల్ల మీద గుడ్డ కప్పేసి వ్యాను వెనక్కి వెళ్లింది. అతను అడక్కుండానే చెప్పుకొచ్చాడు. అమ్మ మోకాళ్లు వంగడం లేదనీ, ఇద్దరి పని ఒక్కడి మీద పడేసరికి కలుపు చేయి దాటిపోయిందనీ, ఒక వారం సగం బుట్ట తక్కువైతే మండీలో కొని నింపాననీ, ఆ తర్వాత సగం కాస్తా మొత్తమైందనీ, రబ్బర్లు తీసి నారతో కట్టడం ఇవాళ కుదరలేదనీ.

"నాకో మాట చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"చెప్తే తోట వదిలేసి ఏదో ఉద్యోగం చూసుకోమంటావు. నీ జీతం తిని బతుకుతున్నానని ఇప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు."

"అందుకని అబద్ధం నా నోటితో ఆడించారా? వీళ్ల ముందు నిలబడేది మీరు కాదు, నేను."

అతని మొహం ఎర్రబడింది. "ఎప్పుడు చెప్పను? వారమంతా ఆసుపత్రి, ఇంటికొస్తే ఫోను. అసలు నువ్వు తోటలో అడుగు పెట్టి ఎన్నాళ్లయింది? అదన్నా చెప్పు."

ఆమె రోజులు వెనక్కి లెక్కపెట్టింది. ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. ఇద్దరూ బల్ల ఎత్తేసి ఇంటికి బయల్దేరారు.

ఇంట్లోకి వెళ్లకుండా ఆమె నేరుగా తోటలోకి నడిచింది. పాలకూర ముదిరి గింజకొచ్చింది. బీన్స్ తీగల మీదే ఎండిపోయి కాయలు గలగలమంటున్నాయి. మళ్లకూ గట్లకూ తేడా తెలియనంతగా గడ్డి లేచిపోయింది. ఆ గడ్డిలో అత్తగారు చిన్న పీట మీద కూర్చుని, పీటతో పాటు జరుగుతూ దొరికిన వంకాయలు కోస్తున్నారు. కోడల్ని చూసి చేతిలో కాయను కొంగు కిందకు దాచుకున్నారు, దొంగతనం చేసినట్టు.

"మీకూ తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం. వాడు నీకు మొహం చూపించలేక చస్తున్నాడు. నువ్వేమో అంత సంబరంగా అమ్ముకొస్తున్నావు. మధ్యలో నా మోకాళ్ల గురించి ఏమని చెప్పనే?" ఆవిడ మోకాలు నిమురుకున్నారు. "పనికిరాకుండా పోయానని నా నోటితో నేనే అనాలా?"

రోజూ ఎందరి చేతులో పట్టుకుని నరం వెతికే మనిషి, ఇంట్లో ఉన్న మనిషి కాళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తోటమ్మ గడ్డిలోనే కూలబడి, అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసి, ఆపుకోలేక ఏడ్చింది. అది పశ్చాత్తాపమో కోపమో ఆమెకే తెలియలేదు. రెండూ ఉన్నాయి. వెనకాలే వచ్చిన భర్త గట్టు మీద నిలబడి, "నా ఒక్కడి వల్ల కావడం లేదు," అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు.

ఆ మధ్యాహ్నం సామరస్యంగా ఏమీ గడవలేదు. మాటలు పెరిగాయి, అన్నాలు చల్లారిపోయాయి. చివరికి తేలింది ఇదీ: ఇంటి పక్క మళ్లు మాత్రం ఉంచుకుని మిగతాది కౌలుకివ్వడం, అతను పొద్దున పూట స్కూలు వ్యాను నడపడం, ఫోను ఆర్డర్లు మానేసి ముగ్గురూ కలిసి కోయగలిగినంతే బల్ల మీద పెట్టడం. కౌలు మాట ఒప్పుకునేటప్పుడు అతను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఓదార్చలేదు. ఇంకా అంత మెత్తబడలేదు.

మరుసటి శనివారం బల్ల మీద వంకాయలూ ముల్లంగీ ఉన్నాయి, అంతే. జరిగింది మార్కెట్టంతా పాకిపోయింది. కొందరు చూసీ చూడనట్టు దాటిపోయారు. టీచరమ్మ ఎదుటి వరసలో ఎవరి దగ్గరో బేరమాడుతూ కనిపించింది. పిలవాలని తోటమ్మ చెయ్యెత్తి, మళ్లీ దించేసుకుంది.

అది భర్త చూశాడు. ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని రోడ్డు దాటి టీచరమ్మ ముందు నిలబడ్డాడు. అతనేదో చెబుతున్నాడు. ఆవిడ వింటోంది. సంచి తెరవలేదు, ఇటు చూడలేదు. కాసేపటికి వెళ్లిపోయింది.

అతను తిరిగొచ్చాక, "ఏమంది?" అని అడిగింది తోటమ్మ.

"తప్పు నీది కాదు, నాదని చెప్పాను," అన్నాడు అతను. తువ్వాలు భుజాన వేసుకుని, "వాళ్లాయన ఇప్పుడు గంజి కూడా తాగడం లేదట," అన్నాడు.

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. వంకాయలు అడుగుతూ ఎవరో వచ్చి నిలబడితే, ఆమె చేతిలోని తక్కెడ అతను అందుకుని, "ఎంత కావాలండీ?" అని అడిగాడు.