ఖాళీ అంటే సున్నా కాదు

ఆమె తలుపు తట్టలేదు. తన్నింది.

"మీ ప్రోగ్రాముకి కళ్ళున్నాయా, లేక మీలాగే నేలచూపులు చూస్తుందా?"

జంతువుల ఆసుపత్రి వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చున్న అతను తల ఎత్తాడు. ఎత్తి, మళ్ళీ దించాడు. ఆసుపత్రిలో అందరూ అతన్ని ముక్తసరి అంటారు. పది మాటలు కావాల్సిన చోట రెండు మాటలతో గట్టెక్కే మనిషి. వచ్చింది డాక్టరమ్మ. చేతి తొడుగులు ఇంకా తియ్యలేదు. మోచేతి దగ్గర నెత్తురు మరక తడి ఆరలేదు.

"ఏమైంది మేడమ్?"

"ఏమైందా? బయట హాల్లో ఓ ముసలి కుక్క. కడుపు మెలిపడి డోలులా ఉబ్బిపోయింది. మీ స్క్రీన్ మీద అదెక్కడుందో తెలుసా? అట్టడుగున! గోళ్ళు కత్తిరించుకోవడానికొచ్చిన కుందేలు కింద! కుందేలు లోపల సింగారించుకుంటుంటే కుక్క బయట చావుబతుకుల్లో కొట్టుకుంది."

"బతికిందా?"

"బతికింది. మీ పుణ్యాన కాదు. మంచినీళ్ళకని నేను బయటికొచ్చాను కాబట్టి. కోసి, సరిచేసి, కుట్టేసి వస్తున్నా."

అతను కీబోర్డు దగ్గరికి లాక్కుని చూశాడు. "మార్కు వెయ్యలేదు."

అక్కడ ఏ జంతువు వచ్చినా రిసెప్షన్‌లో ముందు ఓ మార్కు వేస్తారు. ఎంత అర్జెంటో చెప్పే మార్కు. ఎక్కువున్నది స్క్రీన్ మీద పైకి, తక్కువున్నది కిందికి. పొద్దుటి రద్దీలో కుక్కకి మార్కు వెయ్యడం మరిచారు.

"వెయ్యకపోతే?"

"సున్నా కింద తీసుకుంటుంది."

"ఎవరు చెప్పారు దానికి?"

"నేనే."

అంత నిదానంగా ఒప్పుకునేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. దబాయించేవాడైతే నాలుగు దులిపి పోవచ్చు. ఒప్పుకునేవాణ్ణి ఏం చేస్తాం?

"జ్వరం చూడని కుక్కకి జ్వరం లేనట్టా? తూకం వెయ్యని బస్తాలో గింజలు లేనట్టా? ఖాళీకీ సున్నాకీ తేడా తెలియకుండానే చదువుకున్నారా?"

ఎన్నడూ లేనిది అతను వివరంగా చెప్పడానికి దిగాడు.

"మెషిన్‌కి వచ్చింది ఒకటే ప్రశ్నండీ. ఈ రెంటిలో ఏది పెద్ద? ఏడా, మూడా? ఏడు. పైకి. మళ్ళీ ఇంకో జత. అలా జత తర్వాత జత అడుగుతూ వరుస మొత్తం పేరుస్తుంది. ఏడా, ఖాళీయా అంటే మాత్రం దాని దగ్గర జవాబు లేదు. ఇవి రెండూ పోల్చదగ్గవి కావు పొమ్మని ఆగిపోతుంది."

"ఆగనివ్వాల్సింది!"

"స్క్రీన్ ఆగితే పెద్ద డాక్టరుగారు కేకలేస్తారని... ఖాళీ ఉన్నచోటల్లా సున్నా పెట్టించాను. ఇంక ఆగలేదు."

"అంటే, తెలియదు మొర్రో అని అది నిజం చెప్తుంటే, నోరు నొక్కి అబద్ధం నేర్పారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ సంగతి తాను గమనించినందుకు ఆమెకి ఇంకాస్త ఒళ్ళు మండింది.

"మార్చేస్తానండీ. మార్కులున్నవాటినే ఒకదానితో ఒకటి పోల్చమంటాను. లేనివి విడిగా, అన్నిటికీ పైన, ఎర్రగా. ఎవరో ఒకరు వెళ్ళి చూసేదాకా కిందికి దిగవు."

"ఎప్పటికి?"

"ఇప్పుడే."

ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఇంకేమీ చెప్పేది లేదా?"

"లేదండి."

ఆ 'లేదండి' విన్నాక ఆమె వేసిన తలుపుకి గోడ సున్నం రాలింది.

కారణం ఉంది. ఆ మధ్య ఓ సాయంత్రం ఇద్దరూ ఆసుపత్రి చూరు కింద వానకి చిక్కారు. వాన ఓ పట్టాన తగ్గలేదు, ఇతను ఓ పట్టాన నోరు విప్పలేదు. చూరు నీళ్ళు చెయ్యి చాచి పట్టుకుంటూ ఆమే ఏదేదో వాగింది. వాన వెలిశాక, నేల వైపు చూస్తూ అన్నాడు: "మీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండీ."

అప్పుడే ఎవరో కారు గుద్దిన పిల్లిని తువ్వాల్లో చుట్టి తెచ్చారు. ఆమె లోపలికి పరిగెత్తింది. పిల్లి గండం గడిచాక, నవ్వుకుంటూ బయటికొస్తే చూరు కింద నీటి బొట్లు తప్ప ఎవరూ లేరు. మర్నాటి నుంచి ఆమెని 'మేడమ్' అనడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఆ ఊసు లేదు. అడిగినవాడు జవాబు కోసం ఒక్కపూటైనా తచ్చాడడా? తనంతట తాను వెళ్ళి చెప్పడానికి ఆమెకి అభిమానం అడ్డొచ్చింది.

మధ్యాహ్నం వరండాలో పెద్ద డాక్టరుగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "ఆ ముక్తసరి కుర్రాడు పనిమంతుడమ్మా. మనకి దక్కలేదు. ఎక్కడో దూరాన ఉద్యోగమట, ఇవాళ సాయంత్రం బస్సుకే ప్రయాణం. పోయేముందు ఆ స్క్రీన్ కూడా బాగుచేసి పోయాడు."

ఆమె గొడుగు తీసుకోలేదు. బయట జల్లు పడుతోంది. ఆ జల్లు కూడా ముందు ఆమె జోలికి రావడానికి జంకినట్టు పక్కపక్కన పడి, వీధి మలుపు తిరిగేసరికి తెగించి తడిపేసింది.

అతను అద్దెకుండేది ఓ మేడ మీది గదిలో. మెట్ల మీద ఇంటావిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. డాక్టరమ్మ రెండేసి మెట్లు ఎక్కేసింది. తలుపు తీసే ఉంది. మంచం మీద పెట్టె, పెట్టెలో బట్టలు, అతని చేతిలో సగం మడిచిన చొక్కా.

"వెళ్తున్నానని నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"మీకెందుకులే అని..."

"ఎందుకు వెళ్తున్నారు?"

"రోజూ మిమ్మల్ని చూస్తూ ఉండలేక."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదండీ. ఏమీ అనలేదు."

"అనలేదు. అయితే?"

"అయితే... కాదనే కదండీ."

అన్నాక అతని చేతిలో చొక్కా మడత విడిపోయి కిందికి జారింది. తానన్న మాట తనకే వినపడ్డట్టుంది. మొహం పాలిపోయింది.

"చూశావా?" కోపం ముదిరితే ఆమె 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగుతుంది. "మళ్ళీ అదే నిర్వాకం! నా జవాబు చోట నువ్వే సున్నా పెట్టుకుని, నువ్వే ఏడ్చి, నువ్వే పెట్టె సర్దుకున్నావు! కుక్కకైతే నేను అడ్డుపడ్డాను. నాకెవరు అడ్డుపడతారయ్యా?"

"మరి మీరైనా..."

"నేనైనా ఏంటి? అడిగింది నువ్వు. అడిగి పారిపోయిందీ నువ్వే. నేనక్కడ పిల్లికి ఊపిరి పోస్తున్నాను! బయటికొచ్చి చూస్తే లేవు. తెల్లారేసరికి మేడమ్‌ని అయిపోయాను. మేడమ్! అభిమానం నీ ఒక్కడికే ఉందా?"

కింద నుంచి ఇంటావిడ కేకేసింది. "ఏంటమ్మా ఆ గొడవ? దొంగా?"

"దొంగ కాదండీ, మూర్ఖుడు!"

"ఓహో, మావాడేనా," అని ఆవిడ చిక్కుడుకాయల గిన్నెతో సహా నాలుగు మెట్లు పైకి జరిగింది.

అతను చొక్కా మంచం మీద పెట్టాడు. "అయితే, ఇప్పుడు మళ్ళీ అడగనా?"

"అడుగు."

"మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె పలకలేదు. కావాలనే పలకలేదు. వీధిలో ఏదో బస్సు హారను కొట్టింది. అతను కిటికీ వైపు చూడలేదు, పెట్టె వైపు చూడలేదు. నుదుటి మీద చెమట కణతల దాకా దిగింది, తుడుచుకోలేదు. నేలచూపులు కూడా మానేసి ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అవునని సంబరపడలేదు, కాదని కుంగిపోలేదు. ఎదురుచూస్తున్నాడు, అంతే. పట్టుకున్న కోపం చేతిలోంచి జారిపోతుంటే ఆమెకి దాని మీద కూడా కోపమొచ్చింది.

"సరే," అంది.

"సరే అంటే?"

"సరే అంటే సరే!"

"బస్సుకి వెళ్ళమని సరేనా, చేసుకుంటానని సరేనా? నాకు నేను అనుకోవడం మానేశానండీ."

"చేసుకుంటా! నిన్నే చేసుకుంటా! ఇంకా అర్థం కాకపోతే పోయి మెషిన్‌లో కొట్టుకో!"

"వీధి చివరిదాకా అర్థమైందమ్మా," అంటూ ఇంటావిడ గుమ్మంలోకి వచ్చేసింది. తడిసిన డాక్టరమ్మని ఎగాదిగా చూసి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. "చల్లగా ఉండండి. ముందు తల తుడుచుకో తల్లీ. మరి నాయనా, నా సంగతి తేల్చు. ఈ గది ఖాళీ చేస్తున్నట్టా, లేనట్టా? ఇంకొకళ్ళకి మాట ఇచ్చుకోనా, వద్దా?"

అతను నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"నాకు తెలీదండీ. అడిగి చెప్తాను," అని డాక్టరమ్మ వైపు తిరిగాడు.