సముద్రంలో బావి

ఆ చోటుని అక్కడివాళ్ళు బావి అంటారు. నిజానికి అది బావి కాదు, సముద్రమే. ఒడ్డు నుంచి పడవలో కాస్త దూరం పోతే నీళ్ళ అడుగున పగడాల దిబ్బ ఒకటి ఉంటుంది. ఆ దిబ్బ అయిపోయేచోట, తెల్లటి ఇసుక నేలలో, ఎవరో గిరి గీసి తవ్వినట్టు గుండ్రంగా ఒక గొయ్యి. పగటిపూట పడవలోంచి వంగి చూస్తే నీలం నీళ్ళ మధ్య నల్లటి మచ్చలా కనిపిస్తుందట. ఆ మచ్చ మీదుగా ఎవరూ పడవ పోనివ్వరు. దూరమైనా సరే, చుట్టు తిరిగి పోతారు.

ఎందుకలా అని అడిగితే తలో మాటా చెబుతారు. లోతు అంతు చిక్కలేదని ఒకరు, లోపల సుడి ఉందని ఒకరు. పడవ నడిపే పెద్దాయన మాత్రం చుట్ట పక్కన పెట్టి, గొంతు తగ్గించి ఒక్క మాట అన్నాడట.

"అక్కడ దిగినవాళ్ళకి పైకి రావాలనిపించదు."

రాలేరు అనలేదు... రావాలనిపించదు అన్నాడు.

ఇదంతా నాకు చెప్పింది మా అక్క, పెద్దమ్మ కూతురు. అక్క ఫిజియోథెరపిస్టు. పొద్దస్తమానం మనుషుల చేతులు పట్టుకునే ఉద్యోగం. విరిగి అతికిన మణికట్లు, బిగుసుకుపోయిన వేళ్ళు, "ఇంకొంచెం నొక్కండి, ఇదిగో ఇంకొక్కసారి" అని బతిమాలడాలు. కథలల్లే మనిషి కాదు. టీవీలో దెయ్యాల సినిమా వస్తుంటే ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటుంది. అలాంటిది, ఈ సంగతి చెప్పినంతసేపూ తన చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది.

సముద్రంలోకి దిగాలన్న సరదా బావది. బకెట్లో తప్ప నీళ్ళెరగని మనిషి. ఫోన్లో ఎవరో చేపల మధ్య తేలుతున్న వీడియో చూసి, ఎన్నాళ్ళకో దొరికిన నాలుగు రోజుల సెలవులో నేర్చుకుంటే అదే నేర్చుకోవాలని పట్టుబట్టాడు. అక్క వద్దంది. తను ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటానంది. అలా కుదరదట, జంటగానే దిగాలట, నీళ్ళలో ఒకరికొకరు కాపలా అట. కట్టుకున్నవాణ్ణి సముద్రంలో ఒంటరిగా వదిలేస్తావా అని బావ ఒకటే నస. చివరికి ఆ నస పడలేక అక్క ఒప్పుకుంది.

వాళ్ళకి నేర్పినాయన్ని అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఎండకి నల్లగా మాడిపోయిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. ముందు ఈతకొలనులో నేర్పాడు. వీపున సిలిండరు, నోట్లో గాలి గొట్టం, నడుముకి సీసపు బరువులు. మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో గాలి వదిలి బయటికి తోసేయడం నేర్పాడు. అక్క వెంటనే పట్టేసింది. బావ మాత్రం సైకిల్ తొక్కినట్టు కాళ్ళాడించేవాడు. ఎంత చెప్పినా అదే తొక్కుడు.

మాస్టారు మళ్ళీ మళ్ళీ చెప్పింది రెండే మాటలు. ఊపిరి బిగబట్టకూడదు. భయమేసిందని గబగబా పైకి దూసుకురాకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులు బుడగలా పగిలిపోతాయట. భయమేస్తే ఉన్నచోటనే ఆగాలి. ఊపిరి తియ్యాలి. అప్పుడు ఆలోచించాలి.

చీకటిగా ఉంటే సైగలు కనిపించవు కాబట్టి చేతులతో మాట్లాడటం కూడా నేర్పాడు. చెయ్యి ఒకసారి నొక్కితే "బాగున్నావా" అని. అవతలివాళ్ళు తిరిగి ఒకసారి నొక్కితే "బాగున్నాను" అని.

రోజులు బాగానే గడిచాయి. చివరిసారి దిగాల్సిన రోజున మాత్రం పొద్దున్నుంచీ గాలి. మధ్యాహ్నమైనా అలలు తగ్గలేదు. విమానం ఎక్కే ముందు ఒక రోజంతా నీళ్ళలోకి దిగకూడదు కాబట్టి, ఆ రోజు పోతే ఇక లేనట్టే. బావ ముఖం చూసి అక్కకే జాలేసింది. సాయంత్రం గాలి పడిపోయాక, మాస్టారు ఆకాశం వంక చాలాసేపు చూసి, సరే, దిబ్బ ఈ చివరన దిగి వెంటనే వచ్చేద్దామన్నాడు. లంగరు వేసేటప్పుడు పడవ పెద్దాయన, ఆ చివరకి పోకండి అన్నాడు.

ముగ్గురూ దిగేసరికి సూర్యుడు నీళ్ళని ఆనుకుని ఉన్నాడు. మూడంతస్తుల మేడంత లోతు. పైన ఇంకా ఎర్రటి వెలుగుంది కానీ, కింద అప్పటికే బూడిదరంగు. ఆ బూడిదరంగు కూడా చూస్తుండగానే నల్లబడింది. ముగ్గురూ టార్చీలు వేసుకున్నారు. టార్చి పడినంత మేర పగడాలు, చిన్న చేపలు... అది దాటితే ఏమీ లేదు. అక్కకి తన ఊపిరి చప్పుడే ఎవరో పక్కన గురకపెడుతున్నట్టు వినిపించిందట.

పైన గాలి పడిపోయింది కానీ అడుగున నీటి ఒరవడి తగ్గలేదు. అది వాళ్ళని మెల్లగా, తెలియనివ్వకుండా, దిబ్బ పొడవునా జరుపుకుంటూ పోయింది. మాస్టారికి ఆ సంగతి తెలిసి వెనక్కి తిరగమని సైగ చేశాడు. బావ తిరగబోయాడు. తిరగడంలో ఆ సైకిల్ తొక్కుడు మొదలైంది... కాళ్ళకి తొడిగిన రబ్బరు రెక్కలు ఇసుకకి తగిలి అడుగున ఉన్న బురదంతా ఒక్కసారి లేచింది.

అంతే. అక్కకి ఏమీ కనిపించలేదు. టార్చి వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు.

ఆగింది. ఊపిరి తీసింది.

అప్పుడు కుడిచేతిని ఎవరో పట్టుకున్నారు.

అక్క మనసు కుదుటపడింది. బావ. పోనీలే, బుద్ధి తెచ్చుకుని దగ్గరికొచ్చాడనుకుంది. చెయ్యి ఒకసారి నొక్కింది... బాగున్నావా?

తిరిగి ఒకసారి నొక్కలేదు. నొక్కి, ఇక వదల్లేదు. ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా.

పిరికిమనిషి, పైకొచ్చాక చెబుతాను అనుకుంది అక్క. అనుకుంటుండగానే బురద మెల్లగా పలచబడింది. ఎదురుగా, కొంచెం దూరంలో, రెండు వెలుగులు కనిపించాయి. ఒకటి మాస్టారిది. ఆయన రెండో చేత్తో ఒక మనిషిని సిలిండరు పట్టీ పట్టుకుని ఆపుతున్నాడు. ఆ మనిషి కాళ్ళు... సైకిల్ తొక్కుతున్నాయి.

బావ అక్కడున్నాడు.

మరి ఈ చెయ్యి?

అక్క ఊపిరి ఆగిపోయింది. బిగబట్టకూడదని తెలుసు. తెలిసినా రాదు. ఎలాగో ఒక్క గుక్క లాగింది. పక్కకి తిరిగి చూడాలంటే మెడ తిరగదు. ఎడమచేతిలో టార్చి ఉంది, దాన్ని అటు తిప్పాలంటే చెయ్యి రాదు. ఉన్న వెలుగు కిందికి పడుతోంది. అక్కడ ఇసుక ఉంది. ఇసుక తర్వాత ఒక అంచు ఉంది. అంచు తర్వాత... నలుపు.

బావి అంచున ఉంది తను. ఆ చెయ్యి తనని అటే లాగుతోంది.

విదిలించుకుంది. వదల్లేదు. అక్క చెయ్యి వణకడం మొదలుపెట్టింది. భుజం దాకా వణుకు. పైకి దూసుకుపోదామన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది, ఆ ఒక్క క్షణంలో చచ్చిపోయి ఉండేదాన్నే అంది నాతో.

ఇంతలో, తను చేద్దామనుకుని కూడా కాదట... వేళ్ళు వాటంతటవే ఆ మణికట్టు మీదికి జారాయి. బొటనవేలి మొదట్లో, ఎముక పక్కన. రోజూ ఎంతమందికి చూస్తుందో. నాడి.

కొట్టుకుంటోంది. ఆపకుండా, పిట్ట గుండెలా టపటపా కొట్టుకుంటోంది.

దెయ్యానికి నాడి ఎందుకుంటుంది? ఉన్నా, ఇంత భయం ఎందుకుంటుంది?

అక్క టార్చి తిప్పింది.

మనిషే. ముక్కూముఖం తెలియని మనిషి. మాస్కు వెనక కళ్ళు విచ్చుకుపోయి ఉన్నాయి. నోట్లో గొట్టం ఉంది, బుడగలు వస్తున్నాయి. ఛాతీ దాకా బావి లోపలే ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తి తనని పట్టుకున్నాడు. ఎడమచెయ్యి కిందికి చాచి ఉంది... నిటారుగా, బిర్రుగా. ఆ చెయ్యి మోచేతి దాకా కనిపించింది. ఆ తర్వాత వెలుగు పోలేదు.

అక్క లాగింది. రాలేదు. నీళ్ళలో మనిషి బరువే ఉండడు, వేలితో తోస్తే కదులుతాడు. ఈయన కదల్లేదు. లాగినకొద్దీ అటునుంచి కూడా ఎవరో లాగుతున్నట్టే ఉందట. నడుముకి బరువులెక్కువ కట్టుకున్నాడేమో అనుకుంది. టార్చి పిచ్చిదానిలా ఊపింది.

మాస్టారు బావని వెంట లాక్కుని వచ్చాడు. ఆ మనిషి గాలి మీటరు చూశాడు. వెంటనే తన దగ్గరున్న రెండో గొట్టం ఆయన నోట్లో పెట్టాడు. ఇద్దరూ కలిసి లాగారు. కాసేపు ఏమీ లేదు... తర్వాత, బిగుసుకున్న సీసా మూత ఊడినట్టు, ఒక్కసారిగా వచ్చేశాడు.

పైకి వచ్చేదారిలో కాసేపు ఆగాలి, ఒంట్లో చేరిన గాలి సర్దుకోవడానికి. నలుగురూ దిబ్బ వెంట వెనక్కి పడవ దాకా ఈది, లంగరు తాడు పట్టుకుని చీకట్లో వేలాడుతూ ఆగారు. పడవ దీపం పైన మసకగా ఊగుతోంది. ముగ్గురూ ఆ దీపం వంకే చూస్తున్నారు. ఆయన ఒక్కడూ కిందికి చూస్తున్నాడు. ఎడమచెయ్యి ఇంకా అలాగే కిందికి చాచి ఉంది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు.

పడవెక్కాక సంగతంతా తేలింది. పక్కనున్న దీవి నుంచి ఇంకో పడవ వచ్చిందట ఆ సాయంత్రం. ఈయన ఆ గుంపులోవాడు. ఒరవడికి విడిపోయాడు, టార్చి ఆరిపోయింది, దారి తెలియక బావి అంచుకి చేరాడు. బురదలో అక్క టార్చి వెలుగు కనిపించి అందిన చెయ్యి పట్టుకున్నాడు. ఇంతే. దూరంగా వాళ్ళ పడవ ఈలలు వేస్తూ వెతుకుతోంది. పెద్దాయన లాంతరు ఊపి వాళ్ళని పిలిచాడు.

బావ ముందు అక్క భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ఏడుపయ్యాక మామూలు మనిషైపోయి, ఏమయ్యా, ఇంత సముద్రంలో పట్టుకోవడానికి నీకు మా ఆవిడ చెయ్యే దొరికిందా అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. పట్టుకున్నది మనిషేనని తెలిశాక భయమంతా దిగిపోయి, కాళ్ళు తేలికయ్యాయట.

ఆయన మాత్రం నవ్వలేదు. తువ్వాలు కప్పుకుని మూల కూర్చున్నాడు. ఎడమచెయ్యి పిడికిలి ఇంకా విప్పలేదు. నరం పట్టేసి ఉంటుందనుకుని అక్క పక్కన కూర్చుంది. అలవాటు కదా. ముందు కుడిచెయ్యి చూసింది. మంచుముద్ద. వేళ్ళు నాని ముడతలుపడ్డాయి, తన వేళ్ళలాగే. తర్వాత ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుని ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పింది.

అరచెయ్యి వెచ్చగా ఉంది.

వేళ్ళ చివర్లు చల్లగా, మణికట్టు చల్లగా... అరచెయ్యి ఒక్కటే. చాలాసేపు ఇంకో చేతిలో ఉండి ఇప్పుడే వదిలినట్టు.

ఇంతలో వాళ్ళ పడవ వచ్చి పక్కన ఆగింది. వాళ్ళ గైడు ఇటు దూకి ఆయన్ని కౌగిలించుకున్నాడు. మాస్టారు అతన్ని పక్కకి తీసుకెళ్ళి, కింద ఈయన్ని మీవాళ్ళెవరైనా పట్టుకున్నారా అని మెల్లగా అడగడం అక్కకి వినిపించింది. ఈ మనిషి తప్పిపోయాడని తెలిసిన దగ్గర్నుంచీ మిగతా అందరూ పడవలోనే ఉన్నారని, తను కూడా పైనుంచే వెతుకుతున్నానని అతను చెప్పాడు. మాస్టారు ఒకసారి అక్క వంక చూశాడు. అడుగున ఆ మనిషి ఎంత లాగినా కదలకపోవడం ఆయన కూడా చూశాడుగా.

ఆ మనిషి లేచి అవతలి పడవలోకి కాలు పెట్టబోతూ ఆగాడు. అక్క దగ్గరికి వంగాడు.

"ఇద్దరు పట్టుకున్నారండీ నన్ను," అన్నాడు. "పైన మీరు. కింద ఇంకొకరు. చీకట్లో ఎవరు మనిషో తెలియలేదు."

మరి నావైపే ఎలా వచ్చారని అడిగింది అక్క. అడిగానని కూడా తనకి తెలియదట, పెదవులు కదిలాయంతే.

"కాసేపటికి మీ చెయ్యి వణికింది," అన్నాడు ఆయన. "నాలాగే భయపడుతోంది కదా, ఇది మనిషే అనుకున్నాను..."

ఆయన ఎక్కగానే అవతలి పడవ కదిలింది. ఆయన వెనక్కి, నీళ్ళ వంక ఒకసారి చూశాడు.

"ఆ చెయ్యి వణకలేదు."