బానెట్ మీద పేరు

పోర్షే కారు డిక్కీలో గుమ్మడికాయని ఓడ్వా అంతవరకూ చూడలేదు.

“ఇదేమిటండీ?” అన్నాడు.

“గుమ్మడికాయ. మీ ఇంట్లో వండరా?” అంది ఖన్యీసా.

“వండుతారు. ట్రాక్ మీద మాత్రం తిప్పరు. కారులో కదిలే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు.”

“డిక్కీలో ఉన్నది మీ మీదకెలా వస్తుంది?”

“రాదు. కానీ ప్రతి మలుపులోనూ నాకు దాని ధ్యాసే ఉంటుంది. పక్క సీట్లో కూర్చునేది నేనే కదా.”

ఆమె మూతి ముడుచుకుని ఒక్కొక్కటే బయటపెట్టింది. గొడుగు, బైబిలు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, అక్క కూతురి మేజోడు ఒకటి. రెండోది సీటు కింద దొరికింది.

“కారు ఖాళీ చేస్తున్నామా, ఇల్లు ఖాళీ చేస్తున్నామా?” అన్నాడు ఓడ్వా.

“మీరు నేర్పడానికొచ్చారా, నవ్వడానికొచ్చారా?”

“రెండింటికీ ఒకటే ఫీజు లెండి.”

వెనకనుంచి శాలువా సర్దుకుంటూ ఖన్యీసా మేనత్త నొసాఖెలె వచ్చింది. “ఆ కాయ నాది బాబూ. దారిలో బావుందని కొన్నాను. పోనీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూచోనా?”

“అమ్మా, ఈ కారుకి వెనక సీటే లేదు.”

“లేదా! మరి పిల్లలు పుడితే ఎక్కడ కూచోబెడతారు?”

ఖన్యీసా తల తీసుకెళ్ళి డిక్కీలో పెట్టేసింది. ఓడ్వా మేజోళ్ళకేసి చాలా శ్రద్ధగా చూశాడు.

దక్షిణాఫ్రికాలో మా ఈస్ట్ లండన్ ట్రాక్ సముద్రం ఒడ్డునే ఉంటుంది. ట్రాక్ డే వచ్చిందంటే డాక్టర్లూ, బడిపంతుళ్ళూ, రొట్టెల దుకాణం వాళ్ళూ ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, బయట రోడ్డు మీదైతే పోలీసులు పట్టుకెళ్ళేంత వేగంతో ఆ ఒక్కరోజు తనివితీరా తిప్పుకుంటారు. ఇది పందెం కాదు, బహుమతి లేదు. కొత్తవాళ్ళు మాత్రం ఒంటరిగా వెళ్ళకూడదు. పక్కన కూర్చుని నేర్పేవాడు సరేనని వెనక అద్దానికి పచ్చ టేపు అంటిస్తేనే ఒంటరిగా వదులుతారు. ఆ పచ్చ టేపు కోసమే ఖన్యీసా ఆరేళ్ళు ఓవర్‌టైం చేసి ఈ పసుపు రంగు సెకండ్ హ్యాండ్ పోర్షే కొంది.

“మాభేలే, ఆ కాయ ఇటివ్వండి, నా దగ్గర పెడతాను,” అని జెండాలు ఊపే పెద్దాయన కేకేశాడు. మేనత్తకి ఆయన చర్చిలో తెలిసినవాడు.

ఓడ్వా చెవులు నిక్కాయి. భేలే వంశంలో పుట్టిన ఆడవాళ్ళని మర్యాదగా మాభేలే అంటారు. మేనత్త భేలే అయితే మేనకోడలూ భేలేనే. మా వాళ్ళలో ఒకే వంశం వాళ్ళు ఎంత దూరపువాళ్ళైనా అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క, పెళ్ళి ఊసే ఉండదు. ఓడ్వాది టోలో వంశం. అమ్మయ్య, అడ్డేం లేదు అనుకున్నాడు. వెంటనే, గుమ్మడికాయ దించి పది నిమిషాలు కాలేదు, నీకిదేం ఆలోచనరా అని తనని తానే తిట్టుకున్నాడు.

మొదటి విడతలో ఆమె నడిపింది, అతను పక్కన కూర్చున్నాడు. “పట్టీ బిగించావా?” అని మేనత్త కిటికీలోంచి మేనకోడల్ని రెండుసార్లు అడిగాక కారు కదిలింది.

“ఎక్కడ చూస్తున్నారు?” అన్నాడు మొదటి మలుపులో.

“కారు ముందు.”

“ముందంటే బంపరు కాదండీ. మలుపు అవతలి కొస చూడండి. కళ్ళెక్కడికి పోతే కారు అక్కడికి పోతుంది.”

“నాకు అలవాటు లేదు. ఓడరేవులో పని నాది. కొత్త కార్లు ఓడలోకి ఎక్కిస్తాను. కారుకీ కారుకీ మధ్య జానెడు జాగా. ముప్పై దాటితే ఉద్యోగం ఊడుతుంది.”

“మరిప్పుడెంతలో ఉన్నారో చూశారా?”

“ముప్పై రెండు.”

“ఉద్యోగం పోయింది. ఇంక భయమెందుకు, తొక్కండి.”

ఆమె పకపకా నవ్వి తొక్కింది. వెనక కార్లు బారులు తీరాయి. ఇక్కడి పద్ధతేమిటంటే, ముందువాడు కిటికీలోంచి చెయ్యి చూపించి దారిస్తేనే వెనకవాడు దాటాలి. ఖన్యీసా పెళ్ళివారిని భోజనాలకి పిలుస్తున్నట్టు ఒక్కొక్కరికీ చెయ్యూపుతూ పోయింది.

“ఇంకెవరైనా మిగిలారా?” అంది.

“ఆ జెండా ఆయన ఒక్కడే. ఆయన నడిచొస్తున్నాడు, కాసేపట్లో దాటేస్తాడు.”

“నోరు ముయ్యండి!”

అయిదో చుట్టుకి ఆమె చూపు బంపరు వదిలి మలుపు చివరికి చేరింది. ఆరో చుట్టులో కారు తీగ లాగినట్టు తిరిగింది. “అదీ!” అని ఓడ్వా డ్యాష్‌బోర్డు మీద చరిచాడు. ఆమె హెల్మెట్ లోంచి ఒక్క క్షణం అతనికేసి చూసింది.

“రోడ్డు, రోడ్డు,” అన్నాడు అతను. తనూ రోడ్డు చూడటం లేదు.

కారు దిగేసరికి ఖన్యీసాకి బుగ్గలు మండుతున్నాయి. ఇతనిది ఏ వంశమో అనే ఆలోచన అప్పటికే వచ్చింది. కానీ ఆడపిల్ల నోరు తెరిచి మగవాడి వంశం అడిగిందంటే సగం మనసు చెప్పేసినట్టే. అందుకని అడగలేదు.

అడక్కుండానే జవాబు దొరికింది. అక్కడే వచ్చింది చిక్కు.

“నా కారులో ఒకసారి తిప్పుతాను, దారి బాగా తెలుస్తుంది,” అని ఓడ్వా షెడ్డులో తన కారు మీది ముసుగు లాగాడు. పాత డబ్బా ఆకారం తెల్ల బీఎండబ్ల్యూ. మా కుర్రాళ్ళు ప్రాణంలా చూసుకుని గుషేషే అని ముద్దుగా పిలుచుకునే కారు. దాని బానెట్ మీద నీలం రంగులో పెద్దక్షరాలు: భేలే.

ఆ పేరు కారు పాత యజమానిది. ఆ ముసలాయన ఈ ట్రాక్ మీద ఏళ్ళ తరబడి అందరికన్నా ముందుండేవాడు. గౌరవం కొద్దీ ఓడ్వాకి దాన్ని గీకెయ్యడానికి చేతులు రాలేదు. ఊళ్ళో కార్ల పిచ్చివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఖన్యీసాకీ, మేనత్తకీ తెలీదు.

ఓడ్వా హెల్మెట్ పెట్టుకుని ఇంజను మోగిస్తున్నాడు. మేనత్త ఖన్యీసా చెవిలో అంది. “చూశావే, మనవాడే! ఇందాకట్నుంచి నాకేం గుబులుగా ఉందో తెలుసా, పరాయి కుర్రాడి పక్కన నిన్ను కూచోబెట్టానే అని. ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. వెళ్ళు, మీ అన్నే కదా.”

ఖన్యీసా వెళ్ళి కూర్చుంది. కారు ఆ చివరినుంచి ఈ చివరిదాకా గాలిలా పోయింది. ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

“భయపడ్డారా?” అన్నాడు ఓడ్వా, దిగాక.

“లేదన్నా.”

“ఆఁ?”

“లేదన్నా అన్నాను. థాంక్స్ అన్నా.”

ఓడ్వా హెల్మెట్ తీసి లోపల ఏమైనా ఉందేమో అన్నట్టు చూశాడు. పొద్దున నోరు ముయ్యండి అన్న మనిషి! ఆ తిట్టే ఎంతో తియ్యగా ఉందనిపించింది.

మధ్యాహ్నం సముద్రం మీదనుంచి వాన వచ్చింది. మా వాన చెప్పి రాదు, తలుపు తోసుకుని వచ్చిన చుట్టంలా వస్తుంది. అందరూ షెడ్డుల్లో దూరి మాంసం కాల్చుకుంటున్నారు. మేనత్త తెచ్చిన ఉడికించిన మొక్కజొన్న, చిక్కుళ్ళు ఓడ్వాకి గిన్నె నిండా పెట్టింది. ఖన్యీసా చెంచాతో గింజలు అటూ ఇటూ జరుపుతోంది.

“నేను వేగంగా నడిపినందుకు కోపమా?” అని నెమ్మదిగా అడిగాడు.

“కోపమెందుకన్నా?”

“ఆ ‘అన్నా’ కాస్త తగ్గించకూడదూ?”

ఆమె కళ్ళెత్తి చూసింది. వాన షెడ్డులోకి కూడా వస్తోందా అన్నట్టున్నాయి ఆ కళ్ళు. “తగ్గించకూడదు,” అంది. “పచ్చ టేపు ఇస్తే ఒక్క విడత తిప్పుకుని ఇంటికెళ్ళిపోతాం.”

ఓడ్వా గిన్నె పక్కన పెట్టేశాడు. కానీ నేర్పేవాడికి న్యాయం ఉండాలి కదా. ఆమెకి నడపడం వచ్చేసింది. వాన వెలిశాక పోర్షే వెనక అద్దం తుడిచి, టేపు అంటించి, గాలి బుడగలు పోయేలా బొటనవేలితో రుద్ది రుద్ది అతికించాడు. అంతసేపు రుద్దాల్సిన పని లేదు.

ఆమె ఒంటరిగా బయల్దేరింది.

ట్రాక్ అంచు గోడ దగ్గర ఓడ్వా, పక్కన మేనత్త. మొదటి చుట్టు చూసి ఓడ్వా నొసలు చిట్లించాడు. చూపు మళ్ళీ బంపరు మీదే ఉంది. అందరికీ చెయ్యూపి దారిచ్చేస్తోంది. ఆరేళ్ళ కల, ఓడలోకి కారెక్కిస్తున్నట్టు నడుస్తోంది.

“ఏమైంది దీనికి? పొద్దున ఇలా నడపలేదే,” అంది మేనత్త. “అయినా నీ రుణం తీర్చుకోలేం బాబూ. పరాయివాడు ఇంత ఓపిగ్గా నేర్పుతాడా? ఎన్కోసి, భేలే!”

ఎన్కోసి అంటే థాంక్స్. మా దగ్గర అది మనసారా చెప్పాలంటే వంశం పేరు పెట్టే చెప్పాలి.

“అదేమిటమ్మా, నేను భేలేని కాదు. టోలోని.”

“మరి కారు మీద?”

“అది పాత ఓనరు పేరు.”

మేనత్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “అయ్యో దేవుడా! ఇందాకట్నుంచి దాని చెవిలో మీ అన్న, మీ అన్న అని ఊదానే! అందుకా అది తిండి మానేసింది!”

“అందుకా నన్ను అన్నా అన్నది!”

“నవ్వుతావేమిటయ్యా? అది ఈ ఒక్క విడత కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసింది! ఏడుస్తూ తిరుగుతోంది అక్కడ. ఏదో ఒకటి చెయ్యి!”

పక్క షెడ్డువాళ్ళ దగ్గర నల్ల పలక ఉంది, చుట్టు టైము రాసి డ్రైవరుకి చూపించేది. ఓడ్వా దాన్ని లాక్కుని, జేబులోని పసుపు టేపు పళ్ళతో కొరుకుతూ అక్షరాలు అతికించాడు. “నేను టోలో.” గోడ మీదనుంచి ఎత్తి పట్టాడు.

పోర్షే వచ్చింది. సరిగ్గా అప్పుడే సముద్రపు గాలికి మేనత్త శాలువా ఎగిరి పలకకి చుట్టుకుంది. పోర్షే వెళ్ళిపోయింది.

“అమ్మా!”

“నేనేం చెయ్యనయ్యా, గాలి!” మేనత్త శాలువా ఊడబెరికి నడుముకి కట్టుకుంది. గాలికి పలక ఊగిపోతోంటే రెండో కొస తనే పట్టుకుంది.

“ఏమిటా రాతలు?” అని జెండా పెద్దాయన అరిచాడు. “అది చుట్టు టైమేనా?”

“మీ పని మీరు చూసుకోండి, ఇది మా ఇంటి విషయం!” అని మేనత్త తిరిగి అరిచింది.

మలుపులోంచి పసుపు చుక్క పుట్టింది. పెరిగింది. దగ్గరికొచ్చింది.

తిన్నని దారిలో ఎవరూ బ్రేకు వెయ్యరు. పోర్షే వెనక ఎర్రదీపాలు వెలిగాయి! ఒక్క క్షణమే. తర్వాత ఇంజను గొంతు మారిపోయింది.

“చదివింది!” అన్నాడు ఓడ్వా.

“చదివిందయ్యా!” అని మేనత్త పలక వదిలేసి గెంతింది.

ఆ తర్వాత ఖన్యీసా నడిపిన తీరు గురించి మా ట్రాక్ మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. మలుపు చివర చూసింది, కారు అక్కడుంది. తడి ఆరని చోట మెత్తగా, ఆరినచోట గట్టిగా, సముద్రం వైపు వంపులో గాలి తోసినా బెదరకుండా. ముందున్న నీలం కారువాడు అద్దంలో చూసి చెయ్యి చూపించాడు. దాటింది. పొద్దున తను దారిచ్చినవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు చెయ్యి బయట పెడుతున్నారు. దాటింది, దాటింది. గోడ పొడుగునా జనం లేచి నిలబడ్డారు. విడత అయిపోయిందని గళ్ళ జెండా పడేసరికి ఆమె ముందు ఒక్క కారూ లేదు.

కారు వచ్చి ఆగింది. ఆమె దిగి హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నేరుగా ఓడ్వా ముందుకొచ్చి నిలబడింది. అందరూ వింటున్నారని తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

“మీ అమ్మగారిది ఏ వంశం?”

చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిగారు. తండ్రి వంశం ఒక్కటీ వేరైతే చాలదు. తల్లి వంశం కూడా కలవకూడదు. అది అడిగిందంటే ఇంక దాచిందేమీ లేదు.

“రాదేబే,” అన్నాడు ఓడ్వా. “నాన్నమ్మ గ్చీనా. అమ్మమ్మ మ్పింగా. ఇంకా వెనక్కి వెళ్ళమంటే మా అమ్మకి ఫోన్ చేస్తాను.”

ఖన్యీసా మేనత్తకేసి చూసింది. మేనత్త కళ్ళు మూసుకుని వేళ్ళ మీద తరాలు లెక్కపెడుతోంది. పెదాలు కదులుతున్నాయి. జెండా పెద్దాయన కూడా టోపీ తీసి నిలబడ్డాడు.

“ఎక్కడా తగల్లేదు!” అంది మేనత్త.

హారన్లు మోగాయి. ఎవరో ఈల వేశారు.

“ఆగండాగండి,” అని ఆమె చెయ్యెత్తింది. “బాబూ, మీ పెద్దవాళ్ళని పెళ్ళి మాటలకి మా అన్నయ్య దగ్గరికి పంపు. గేటు బయట చాలాసేపు నిలబెడతాం, ఆడపిల్లవాళ్ళుగా అది మా హక్కు. ఎండైనా వానైనా కదలకూడదు.”

“గొడుగులిచ్చి పంపిస్తానమ్మా,” అన్నాడు ఓడ్వా.

“మరి ఆ ‘అన్నా’ సంగతేమిటి?” అని ఖన్యీసా వైపు తిరిగాడు.

“ఎవరన్నారు?” అంది ఆమె. “నాకలాంటి మాటే రాదు.” నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. అటు గుషేషే కనిపించింది. “ఇందాక మీ కారులో తిప్పారే, నేనేమీ చూడలేదు. కళ్ళనిండా నీళ్ళే. మళ్ళీ వెళ్దాం.”

“ఎక్కండి.”

ఆమె ఎడమవైపు సీటుకి వెళ్ళలేదు. స్టీరింగ్ వైపు తలుపు తెరిచి కూర్చుంది. ఆ కారుని ఓడ్వా సొంత తమ్ముడికి కూడా ఇచ్చి ఎరగడు. ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత అవతలివైపు ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

“పట్టీ బిగించావా? గట్టిగా ఉందా?” అని మేనత్త కిటికీలో తలపెట్టి అడిగింది. ఈసారి అడిగింది మేనకోడల్ని కాదు, అతన్ని.

“బిగించానమ్మా.”

“అయితే పోనియ్యవే!”

తెల్ల కారు తడి రోడ్డు మీద ఎండని చీల్చుకుంటూ సముద్రం వైపు దూసుకుపోయింది.