ఇరవై ఐదో చుక్క

మంగళవారం సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చోగానే కమలాక్షి ఒంటికాలి మీద లేచింది. నిన్న పిల్లలు వేసిన ముగ్గులు ఒక్కటీ లేవు. ఇది మూడోసారి. ఎవరో పనిగట్టుకుని కడిగేసినట్టు నేల నున్నగా ఉంది.

నేలంటే నిజం నేల కాదు. రెండువేల ఎనిమిదిలో ఒక బెంగళూరు కంపెనీ ఇంటర్నెట్‌లో 'విద్యాద్వీపం' అని ఓ ఊహాలోకం కట్టింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్న ఇరవై నలుగురు టెన్త్ పిల్లలు సాయంత్రం అయిదింటికి తలా ఒక బొమ్మ రూపంలో ఆ ద్వీపంలోకి వచ్చేవాళ్ళు. కమలాక్షి కూడా హిందూపురం నుంచి ఓ బొమ్మగా వెళ్ళి, మైకులో లెక్కలు చెప్పేది. మొదట్లో కూర్చోమంటే సగం మంది గాల్లోకి ఎగిరేవాళ్ళు. నెల తిరగకుండా ఆ మూకనంతా దారికి తెచ్చింది.

ముగ్గులతోనే తెచ్చింది. శ్రేఢులంటే బెదిరిపోయే పిల్లలకు వాకిట్లో పెట్టే చుక్కలు చూపించింది. ఒకటి, మూడు, అయిదు అంటూ పదమూడు దాకా పెంచి, మళ్ళీ ఒకటికి తగ్గించాలి. ఆ బేసి వరసలు కూడితే వర్గాలు ఎలా వస్తాయో ఎవరి ముగ్గులో వాళ్ళే లెక్కపెట్టి చెప్పాలి. చుక్కలకు బదులు చిన్న చిన్న గోళీలు పేర్చేవాళ్ళు. ఆ గోళీలనే ఎవరో ఎత్తి పారేస్తున్నారు.

కంపెనీని నిలదీస్తే, ధర్మవరంలో ఉండి ద్వీపం బాగోగులు చూసే ప్రసాద్ అనే అతని దగ్గర్నుంచి ఒకే ఒక్క ముక్క వచ్చింది. 'క్లీనింగ్ కంప్లీటెడ్. థాంక్యూ.' క్లీనింగట! ముగ్గేమన్నా చెత్తా? ఆడపిల్ల పెట్టిన ముగ్గు చెరిపేసి థాంక్యూ చెప్పే మనిషి ఎలాంటి మనిషి?

పుండు మీద కారం చల్లినట్టు అదే రోజు ఇంకో కబురు తెలిసింది. ఆదివారం బెంగళూరు నుంచి కంపెనీ మేడం క్లాసు చూస్తుంది. నచ్చకపోతే కమలాక్షి క్లాసు తీసేసి వీడియో పాఠాలు పెడతారు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే మంజుల 'అర్థం కాలేదు మేడం' అంటే వీడియో వింటుందా? ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్న పిల్లలు మళ్ళీ మూగవాళ్ళవుతారు. ఆ తలపుకే కమలాక్షికి కడుపు మండింది.

శుక్రవారం పొద్దున, బెల్లం మండీలో ఉన్న నాయన అశ్వత్థప్పకు చీర కొనుక్కోవాలని చెప్పి, పాసింజర్ ఎక్కి ధర్మవరంలో దిగి, అక్కడి ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రసాద్ ఇల్లు కనుక్కుంది. దారి పొడవునా తిట్లు వరసగా పేర్చుకుంది.

ప్రసాద్ వాళ్ళది పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే ఇల్లు. కిటికీ పక్కన కంప్యూటర్, దాని పక్కన గళ్ళ కాగితాలు. ఒంగి ఎర్ర పెన్సిలుతో గళ్ళు నింపుతున్న అతను తలెత్తి చూశాడు. కళ్ళు బాగున్నాయి. అది గమనించినందుకు కమలాక్షికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏమప్పా, నా ముగ్గులు చెరిపేసేది నువ్వేనా?"

"కమలాక్షి మేడమా? గొంతు గుర్తుపట్టినా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మీ ఇంటి ముందర ముగ్గు నేనొచ్చి చెరిపేస్తే మీ అమ్మ ఊరుకుంటాదా?"

"ఊరుకోదు" అని అతను బుద్ధిగా ఒప్పుకున్నాడు.

ఆ పైన విషయం చెప్పాడు. ద్వీపంలో వస్తువులు ఇన్నే ఉండాలని ఒక హద్దుంది. ఒక్కో గోళీ ఒక వస్తువు. ఇరవై నలుగురు తలా ఎనభై అయిదు పెడితే రెండు వేలు దాటిపోతాయి. ద్వీపం మొరాయిస్తుంది. ముందు దెబ్బ తగిలేది నెట్ నత్తనడక నడిచే పెనుకొండ సెంటర్‌కే.

"పెనుకొండ పిల్లోళ్ళు ఎనిమిది మందీ లోపలికే రాలేకపోయిరి మేడం. శామ్యూల్ అనే పిల్లోడు గంటసేపు తలుపుకాడ్నే నిలబడినాడు. మీరేమో ఆబ్సెంట్ వేసి తిట్టినారు."

కమలాక్షి ముఖం కందిపోయింది. నిజమే, తిట్టింది. బాగానే తిట్టింది. అయినా ఓడిపోవడం ఆమెకు చేతకాదు.

"ఈ ముక్క తెలుగులో చెప్పడానికి నోరు రాలేదా?"

అలా చెప్పకూడదట. మెయింటెనెన్స్ వాళ్ళు టీచర్లతో మాట్లాడకూడదు, క్లాసులో కనబడకూడదు, కంపెనీ రాసిచ్చిన మెసేజీలే పంపాలి. మనుషుల నోళ్ళకు తాళం వేసి చదువు చెబుతారట! కమలాక్షి కోపం అతని మీద నుంచి కంపెనీ మీదికి మళ్ళింది. కానీ అతన్ని పూర్తిగా వదిలేయడానికి మనసొప్పలేదు.

"నెలంతా నా గొంతు వింటాంటివి కదా. ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా?"

"క్లాసు అయ్యేదాకా హెడ్‌ఫోన్ తీసేవాణ్ణి కాదు మేడం. పనికోసం కాదు" అన్నాడు ప్రసాద్, పెన్సిలు వైపు చూస్తూ.

పేర్చుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో, ఒక్కటీ గుర్తుకు రాలేదు. మాట మార్చడానికి, పిల్లల బొమ్మలు కూడా వస్తువుల లెక్కలోకి వస్తాయా అని అడిగింది. మనుషులను లెక్కపెట్టరన్నాడు. అంతే, ఇద్దరూ ఒకేసారి గళ్ళ కాగితం మీదికి ఒంగారు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, అయిదు, మూడు, ఒకటి. ఇరవై అయిదు గళ్ళు ఎర్రబడ్డాయి. పిల్లలు ఇరవై నలుగురు, కమలాక్షి ఒకతి. గోళీలెందుకు, మనుషులే చుక్కలు!

థాంక్స్ చెప్పకుండానే స్టేషన్‌కి పరుగెత్తింది. చీర సంగతి మరిచేపోయింది.

ఆదివారం కూతురి పాఠం చూద్దామని అశ్వత్థప్ప కూడా సెంటర్‌కి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. స్పీకర్లలో అంతా వినబడుతోంది. ద్వీపంలో పిల్లలు వరసల్లో నిలబడ్డారు. కమలాక్షి బొమ్మ నడుమ నిలబడింది. ఏడుగురి వరసలో మాత్రం ఒక చోటు ఖాళీ. పెనుకొండలో కంప్యూటర్ ఒకటి చెడిపోయి శామ్యూల్ రాలేదు.

"ఇరవై నాలుగే ఉన్నాయి. వీడియోలో ఇలాంటి తప్పులు రావు" అంది బెంగళూరు మేడం.

కమలాక్షి నోరు తెరిచేలోపు, మెయింటెనెన్స్ బొమ్మ ఒకటి గబగబా నడిచొచ్చి ఆ ఖాళీలో నిలబడింది. మంజుల గొంతు ఖంగున మోగింది. పైనుంచి ఏడు వరస దాకా పదహారు, కింద తొమ్మిది, మొత్తం ఇరవై అయిదు. నాలుగు నాలుగులు, మూడు మూడులు.

మేడం ఆ లెక్క విననే లేదు. రూలు దాటి లోపలికొచ్చిన ఆ మనిషెవరు, రేపట్నుంచి పనిలోకి రావద్దని చెప్పండి అంది.

కమలాక్షి ఒళ్ళంతా భగ్గుమంది. "ఆయన్ని తీసేస్తే లెక్క తప్పుతాది మేడం. నెలంతా ఈ పిల్లోళ్ళను లోపలికి తేవడానికి ఆయన పడిన పాట్లు మీకు తెలీవు. తెలీక నేనూ తిట్టినాను. ఆయన మా మనిషి. ఆయన లేని క్లాసు నాకొద్దు."

మేడం బొమ్మ ఆ మనుషుల ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మేడం, మంజులను ఇంకో వరస పెంచితే ఎంతని అడిగింది. నలభై ఒకటి అని మంజుల తడుముకోకుండా చెప్పింది. ఎట్లా అంటే ఎట్లాగో కూడా చెప్పింది. క్లాసు ఇలాగే సాగనివ్వండి, అతన్నీ ఉండనివ్వండి అనేసి మేడం బొమ్మ మాయమైంది.

వెనక కుర్చీ కిర్రుమంది.

"మా మనిషి అంటివి. మాకెవరికీ తెలీకుండా యాడి మనిషమ్మా?"

"ధర్మవరం, నాయనా" అంది, తల తిప్పకుండా. ఇష్టం దాచుకోవలసిన అవసరం ఏముందని ఆమెకు అప్పుడు కూడా కోపమే వచ్చింది.

"కమలాక్షీ, మైకు ఆపలేదు" అని స్పీకర్లలోంచి ప్రసాద్ గొంతు వినబడింది. ఈసారి పేరు వెనక 'మేడం' అని చేర్చలేదు.

అశ్వత్థప్ప ముందుకొంగి మైకు తన వైపు తిప్పుకున్నాడు. "ఏమప్పా ధర్మవరం, మా పాప నిన్ను మా మనిషి అంటాండాది. మనిషన్నాక ముఖం చూపీయాల గదా. రేపు మండీకి వస్తావా?"

కమలాక్షి స్పీకర్ల వైపే చూసింది.

"వస్తాడు సార్" అని మూడు ఊళ్ళ నుంచి ఇరవై మూడు గొంతులు ఒక్కసారే పలికాయి.

"వస్తా సార్" అని ఇంకో గొంతు, కొంచెం ఆలస్యంగా.