బేలీ రాయి అడిగిన రెండో ప్రశ్న

"మీ వాళ్ళని ఒక్కొక్కరినీ పేరుపేరునా లేపి, గట్టు మీద మంచిచోట పడుకోబెడతాం. ఆ తరవాతే లోయలోకి చుక్క నీరు వదులుతాం."

హెలిగ్ లోయ ప్రార్థనాలయంలో, టోపీ చేత్తో పట్టుకుని, లోయలో ఆనకట్ట కట్టబోతున్న నగరం నీటి మండలి తరఫున వచ్చిన పెద్దమనిషి అన్న మాటలివి. ముసలాళ్ళు తలలూపారు. మందలు అమ్ముకున్నారు. ఇళ్ళు ఖాళీ చేసి గట్టెక్కారు.

ఆ తరవాత మండలి పైకి తెచ్చింది ఒక్కటే... బేలీ రాయి. సమాధుల మీద సిమెంటు పోసి నీళ్ళు వదిలేసింది.

లోయలో వందల ఏళ్ళు పడుకుని ఉన్న ఆ రాయిని, చూడ్డానికి బాగుంటుందని, ఆనకట్ట మలుపులో నిలబెట్టారు. పక్కన ఓ బోర్డు. సెలవు రోజుల్లో నగరం వాళ్ళు కార్లాపి, దానికి ఆనుకుని ఫోటోలు దిగుతారు.

చీకటి పడ్డాక మాత్రం అక్కడ ఎవరూ ఆగరు.

ఆగినవాళ్ళకి ఓ గొంతు వినిపిస్తుందంటారు. ముసలి గొంతు. రాయి వెనకనుంచో, రాయిలోంచో —

"ఎవరి బిడ్డవి?"

అంతే. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువుండదు.

బేలీ ఏ కాలంలో ఏలాడో ఎవరికీ తెలీదు. మా దేశపు రాజులంతా ఆయన వంశమేనని పాత పాటలు చెబుతాయి. మా గొర్రెల కాపర్లూ ఆయన వంశమేనని మా ముసలాళ్ళు చెబుతారు. అందుకే లోయలో ఎవరు పోయినా శవపేటికని దారిలో ఆ రాయి మీద దించేవారు. ఓ పెద్దాయన రాయి తరఫున అడిగేవాడు, "ఎవరి బిడ్డ?" అని. ఇంటిపెద్ద జవాబు చెప్పేవాడు — ఫలానావాడి బిడ్డ, వాడు ఫలానావాడి కొడుకు, ఆ ఫలానావాడు... అలా తాతలు, ముత్తాతలు దాటుకుంటూ బేలీ దాకా. అక్కడికి చేరితేనే పేటిక లేచేది. మా పాదిరీకి ఇది గిట్టేది కాదు. ఆ కాసేపూ టోపీ సర్దుకుంటూ కొండవైపు చూసేవాడు. వద్దని మాత్రం ఎన్నడూ అనలేదు.

పాల ఇథెల్‌కి ఆ దారి తప్పదు. కొండ పొలాల్లో పాల క్యాన్లు ఎక్కించుకుని, డిపోలో దించి, ఖాళీ లారీతో ఆనకట్ట మీదుగానే ఇంటికి రావాలి.

"ఒరేయ్ ఇథెల్, రాత్రి మలుపులో ఆపి చూడరా," అనేవాడు పబ్బు నడిపే గ్లిన్. "నువ్వెవరి బిడ్డవో మీ అమ్మని అడిగే అదృష్టం ఎలాగూ లేదు. ఆయన్నన్నా అడుగు."

"నీ బీరులో నీళ్ళెన్నో ముందు ఆయన్నడిగొస్తాలే," అనేవాడు ఇథెల్. అందరూ నవ్వేవారు. ఇథెల్ కూడా.

కానీ మలుపు దగ్గర అతను ఏనాడూ బ్రేకు మీద కాలు పెట్టలేదు. దానికి కారణం దెయ్యం కాదు. ఆ నీళ్ళని చూడలేక.

లోయలో ఆఖరి సమాధి అతని కూతురిది. నాలుగేళ్ళ పిల్ల. దాన్ని మోసుకెళ్ళిన రోజుకే రాయికి క్రేను గొలుసులు చుట్టి, గోనెపట్టా కప్పేశారు. "ఒక్క నిమిషం విప్పండయ్యా, దించుకుని ఎత్తుకుంటాం," అని ఇథెల్ తండ్రి తుదుర్ బతిమాలాడు. టైము లేదన్నాడు మేస్త్రీ. పేటిక రాయి పక్కనుంచి ఆగకుండా వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ టోపీ పెద్దమనిషి ఇథెల్ భుజం తట్టి, "అందరికన్నా ముందు మీ పాపనే పైకి తెస్తాం," అన్నాడు.

నీళ్ళు వదిలిన రోజున ఇథెల్ భార్య మారెద్ ఒకే మాట అంది. "దాన్ని పైకి తెచ్చేదాకా దాని పేరు నా ముందు ఎత్తకు."

ఎత్తలేదు. ఇంట్లోనే కాదు, ఎక్కడా ఎత్తలేదు.

పోయిన మార్చిలో ఓ రాత్రి... మలుపులో దారికడ్డంగా గొర్రెలు. తారు వెచ్చగా ఉంటుందని పడుకుంటాయి, కొత్తేం కాదు. ఇథెల్ హారన్ కొట్టాడు. కదల్లేదు. టార్చి పట్టుకుని దిగాడు.

గొర్రెలు పడుకుని లేవు. నిలబడి ఉన్నాయి... అన్నీ రాయివైపే తిరిగి.

కింద చెరువులో గాలికి అలలు లేస్తున్నాయి. వాటిని మా వాళ్ళు బేలీ పశువులంటారు. ఆ రాత్రి నిజంగానే దూడల్ని పోగొట్టుకున్న ఆవుల్లా అరుస్తున్నాయి.

అప్పుడు వినిపించింది.

"ఎవరి బిడ్డవి?"

ఇథెల్ లారీవైపు వెనక్కి అడుగేశాడు. కాసేపటికి మరో గొంతు, వణుకుతూ, నెమ్మదిగా... పేర్లు చెబుతోంది. అన్నీ తెలిసిన పేర్లే. చెప్పులు కుట్టే ఇయోర్వెర్త్. బడి పంతులమ్మ డిల్లిస్. నీళ్ళ కిందున్న సమాధులు, వరసగా, గేటు నుంచి గోడ దాకా.

టార్చి అటు తిప్పాడు. రాయి మొదట్లో, శాలువా కప్పుకుని, నెస్తా అత్త. ప్రార్థనాలయం ఊడ్చి, దీపాలు తుడిచిన మనిషి. కొత్త కాలనీలో కూతురింట్లో ఉంటోంది.

ఇథెల్‌కి ఊపిరి వచ్చింది. "నువ్వా అత్తా... ఊరంతటినీ హడలగొడుతోంది."

"లైటు కిందికి దించరా, కళ్ళు పోతున్నాయి."

"ఈ చలిలో ఇదేం పని? మీ అమ్మాయికి తెలుసా?"

"దానికి టీవీ ఉంది. నేనున్నానో లేనో కూడా తెలీదు." శాలువా బిగించుకుంది. "ఆయన్నేమో పైకి తెచ్చారు, పిల్లల్నేమో కింద వదిలేశారు. వెతుక్కోడా మరి? ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"చెప్పు. కానీ ఆ అడగడం మానెయ్యి. జనం జడుసుకుంటున్నారు."

నెస్తా అత్త అతనివైపు వింతగా చూసింది.

"అడిగేది నేను కాదురా... నేను జవాబులే చెబుతాను."

ఇథెల్ నవ్వబోయాడు. టార్చి వెలుగు ఆమె మొహం మీదే ఉంది. పెదాలు మూసే ఉన్నాయి.

"ఎవరి బిడ్డవి?"

ఇథెల్ టార్చి కిందికి దించాడు. ఆ గొంతులో కోపం లేదు. పెద్దవాళ్ళు వంగి, దారి తప్పిన పిల్లని అడిగినట్టు... అంత మెత్తగా ఉంది.

"రోజూ ఇంతే," అని గుసగుసగా అంది నెస్తా అత్త. "అందరి పేర్లూ చెప్పేస్తానా... అయినా మళ్ళీ అడుగుతాడు. గోడ పక్కన ఒక్కదాని పేరు ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇంటివాళ్ళు చెప్పాలి గానీ నేను చెప్పకూడదు. దాన్నే అడుగుతున్నాడురా. నాలుగేళ్ళ పిల్ల... తాత పేరే తిన్నగా పలకలేదు. ఏం చెబుతుంది?"

ఇథెల్ టోపీ తీశాడు. రాయి మీద చెయ్యి వేశాడు. చల్లగా, తడిగా ఉంది.

 

"బెథన్," అన్నాడు.

ఆ పేరు తన నోట్లో తనకే కొత్తగా ఉంది.

"బెథన్... ఇథెల్ కూతురు. ఇథెల్, తుదుర్ కొడుకు. తుదుర్, మడోగ్ కొడుకు..." చీకట్లో మెట్లు దిగుతున్నట్టు ఒక్కో పేరు మీదా కాలు ఆనించుకుంటూ వెళ్ళాడు. మధ్యలో ఓచోట తడబడితే నెస్తా అత్త అందించింది. ఆఖరికి... "బేలీ కొడుకు" అని ఆగాడు.

గాలి ఆగింది. అలలు ఆగాయి. గొర్రెలు ఒక్కొక్కటే దారి దిగి గడ్డిలోకి పోయాయి.

"అయిపోయిందత్తా," అన్నాడు ఇథెల్, ఏడుస్తూ.

అయిపోలేదు.

రాయి మళ్ళీ అడిగింది. ఇంకో మాట... ఇన్నేళ్ళలో ఎవరూ విననిది.

"ఎక్కడుంది?"

ఇథెల్ టార్చిని చెరువు మీదికి తిప్పాడు. వెలుగు కొంతదూరం నీళ్ళ మీద పాకి... ఆగిపోయింది.

ఆ రాత్రి అతను మారెద్ ముందు ఆ పేరు ఎత్తాడు. ఆమె కసరలేదు. లేచి చెప్పులేసుకుంది. ఇప్పుడు చీకటి పడితే మలుపులో ముగ్గురు నిలబడుతున్నారు. బెథన్ ఎవరి బిడ్డ అని రాయి ఇక అడగడంలేదు. రెండో ప్రశ్నే అడుగుతోంది.

దున్నేవాడిదే భూమి అని మా లోయవాళ్ళం ఊరేగింపుల్లో గొంతులు పోయేలా అరుస్తున్నాం. ఆ భూమిలో పడుకున్న పిల్లది కాదా అది? నీరు ప్రజల హక్కు అంటారు మీ నగరం వాళ్ళు. మేం ప్రజలం కామా? మీ కుళాయి తిప్పినప్పుడు గ్లాసులోకి వచ్చేది మా సమాధుల గోడ పక్క నీళ్ళే.

నీటి మండలి పెద్దలారా, మీ టోపీ పెద్దమనిషి భుజం తట్టిన మనిషి దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేదు. అది మీ దగ్గరే ఉంది. మీరు నిలబెట్టిన రాయి దగ్గరికే, చీకటి పడ్డాక వచ్చి, ఆయనకే చెప్పండి. చచ్చినవాళ్ళు దారుల మీదికొస్తారని మా పెద్దలు తలుపులు మూసుకునే రాత్రి దాకా చూస్తాం.

గడువు: 1968 అక్టోబరు 31.