చచ్చాక వచ్చిన కబురు

అవతలి దేశంలో పనిచేసే మన గూఢచారి మాస్టారిని సరిహద్దు వంతెన మీద నాలుగు గంటలకు కాల్చారు. నాలుగున్నరకు ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. ‘వెంబడిస్తున్నారు. బండి పంపండి.’

ఏజెంట్ జెముడు దాన్ని కొట్టిపారేశాడు. చచ్చినవాడు బండి అడుగుతాడా? శత్రువుల ఎర అన్నాడు. ఆ మూడు మాటలు ఐదు రోజులుగా అతనికి కునుకు పట్టనివ్వడం లేదు.

ఆరో రోజు మధ్యాహ్నం చీఫ్ పిలిచాడు.

“అవతలి దేశం గడియారాలు గంట ముందుకు జరిపింది. మన డేటాబేస్‌లో టైమ్ జోన్ ఫైల్ పాతదే. అక్కడి కబురు ప్రతిదీ గంట తర్వాతిదిగా నమోదవుతోంది. ఆ టైమ్ వచ్చేదాకా తెర మీదికి రాదు.”

“అయితే మాస్టారు...”

చీఫ్ కిటికీలోంచి చూశాడు. “ఫైల్ మార్చాల్సింది డేటాబేస్ మేడమ్. మర్చిపోయే మనిషి కాదు, అమ్ముడుపోయింది. ఇవాళ మాస్టారి కూతురు వంతెన దాటుతోంది. ఇంతవరకూ కబురు లేదు.”

ఏసీ మెకానిక్ వేషంలో జెముడు సర్వర్ రూములో అడుగుపెట్టాడు. చలి. యంత్రాల రొద. గోళ్ల కట్టర్‌లో దాచిన పెన్ డ్రైవ్ గుచ్చాడు. కొత్త ఫైల్ ఎక్కింది. తెర ఖాళీగానే ఉంది.

వెనక సెంటు వాసన. మెడకు పిస్టల్ తగిలింది.

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు జెముడూ,” మేడమ్ నవ్వింది. “ఫైల్ మారిస్తే ఇదివరకే పడ్డ కబుర్లు వాటంతటవే వెనక్కి జరుగుతాయా?”

“థాంక్స్ మేడమ్. అదే తెలీక చస్తున్నా.”

వేషం కోసం భుజాన తగిలించుకున్న ఏసీ గ్యాస్ సిలిండర్ మీట తిప్పాడు. చల్లటి గ్యాస్ ఆమె ముఖాన కొట్టింది. పిస్టల్ జారింది. ఆమె చేతిని సర్వర్ ర్యాకుకు బేడీ వేసి, అవతలి నుంచి వచ్చిన ఆరు రోజుల కబుర్లనూ గంట వెనక్కి జరిపాడు.

తెర మీద ఒక వరస వెలిగింది. ‘వంతెన కింద దాక్కున్నా. ముగ్గురు వెతుకుతున్నారు.’ వచ్చి ఇరవై నిమిషాలైంది.

“బండి! వంతెన కిందికి!” వైర్‌లెస్‌లో అరిచాడు.

పది నిమిషాలు. తుపాకీ మోత. ఆ తర్వాత ఏమీ లేదు. చివరికి డ్రైవర్ గొంతు.

“ఎక్కించానన్నా. వెనకద్దం పోయింది, అంతే.”

జెముడు తెర పైకి జరిపాడు. మాస్టారి కబురు కూడా గంట వెనక్కి వెళ్లి కూర్చుంది. మూడున్నర. ఆ పూట బండి తాళాలు అతని జేబులోనే ఉన్నాయి.

సాయంత్రం ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అడిగింది.

“నాన్న కబురు టైమ్‌కి రాలేదా బాబాయ్?”

“టైమ్‌కే వచ్చిందమ్మా. మా దగ్గరే ఇంకా ఆ టైమ్ కాలేదు.”