ముందు చుక్కలు, తర్వాత చార్టు

అయ్యా మెడికల్ బోర్డు పెద్దలూ! పన్నెండేళ్లు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టారు. పరాయి ముఠా మన యుద్ధవిమానాల్లో తన మనుషుల్ని కూర్చోబెడుతుంటే మీరేం చేస్తున్నట్టు?

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గద్ద అంటారు. చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాలే.

"పైలట్ సెలక్షన్‌లో మంచి కుర్రాళ్లంతా కంటి పరీక్షలో పోతున్నారు. పాసైనవాళ్లలో ముఠా మనుషులున్నారు. ఎవరో తెలీదు. పదకొండింటికి కమాండెంట్ పాసైనవాళ్ల లిస్టు మీద సంతకం పెడతాడు. క్యాండిడేట్ వేషంలో వెళ్లు. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది."

"ఎవరు?"

"కంటి డాక్టరు. మీ అక్క."

పన్నెండేళ్ల కిందట, ఇరవయ్యో ఏట, గద్దనీ ఆ కంటి పరీక్ష గదిలోనే, ఆ అక్కే ఫెయిల్ చేసింది. చేసి, తనే ఏడ్చింది.

పరీక్ష గదిలో తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. అక్క తలెత్తింది.

"బయట మబ్బుగా ఉందా?"

"మబ్బు పైన ఎండే." కోడ్ కుదిరింది.

"తల వెనక్కి పెట్టరా." రెండు కళ్లలో చూపు మసకబార్చే చుక్కలేసింది. "నాటకం రక్తి కట్టాలిగా!"

అరగంటకి గోడమీది అక్షరాల చార్టు అలుక్కుపోయింది. అక్క లిస్టు తీసుకుని కమాండెంట్ గదికి వెళ్లింది. టేబుల్ మీద రిజిస్టర్ అలాగే వదిలేసింది. ఈ కళ్లతో వీడేం చదువుతాడులే అని ధీమా.

చొక్కా బటన్‌లోని కెమెరా ఫొటో తీస్తుందిగానీ చదివిపెట్టదు. గద్ద ఒక అట్టముక్కకి గుండుసూదితో బెజ్జం పొడిచి కంటికి ఆనించాడు. అక్షరాలు తేరుకున్నాయి.

చుక్కలేసిన టైము నర్సు రాస్తుంది. చార్టు చదివించిన టైము డాక్టరు రాస్తుంది. రూలు ప్రకారం ముందు చార్టు, తర్వాత చుక్కలు. ఫెయిలైన పదకొండుమందికీ చుక్కలు తొమ్మిదీపదికి, చార్టు తొమ్మిదీనలభై దాటాకే! పాసైన నలుగురికే రూలు ప్రకారం.

ఆ రోజు గద్దకీ చుక్కలే ముందు.

పరిగెత్తాడు. కారిడార్ వెలుతురు కళ్లలో కారం కొట్టింది. గుమ్మం భుజానికి తగిలింది. పదకొండుకి పది సెకన్లు. కమాండెంట్ పెన్ను కాగితాన్ని తాకుతుండగా లాగేశాడు.

"సంతకం ఆపండి సార్! ఈ నలుగురే ముఠా మనుషులు, ఈ డాక్టరు కూడా. గేటు మూయించండి!"

గద్ద అక్క వైపు తిరిగాడు.

"అక్కా, అప్పుడు నా కళ్లు ఎలా ఉన్నాయే?"

"సిక్స్ బై సిక్స్ రా. అంత మంచి కళ్లు మళ్లీ చూడలేదు."

"మరి ఏడ్చావెందుకు?"

"నువ్వు నమ్మాలిగా."

"నా సీట్లో ఎవణ్ణి కూర్చోబెట్టావు?"

గార్డులు అక్కని తీసుకెళ్లారు. గద్ద తిరిగి విసురుగా నడిచి బీరువాని గుద్దుకున్నాడు.

"తలుపు ఇటుంది బాబూ," అన్నాడు కమాండెంట్.

దొంగలు దొరికారు, పని అయిపోయిందని చేతులు దులుపుకోకండి. ఆ డాక్టరు పాస్ చేసిన ప్రతి పైలట్‌నీ ఇవాళే కిందికి దించండి. ఫెయిలని ఇంటికి పంపిన ప్రతి కుర్రాణ్ణీ మళ్లీ పిలిచి చార్టు ముందు నిలబెట్టండి. గద్దని మొదట పిలవండి. వయసు మించిందంటారా? అయితే ఆ పన్నెండేళ్లూ తెచ్చి ఇవ్వండి!